అగ్గి అమ్మిన సేటు చలిమంట

సేటు పోయాడన్న కబురు నా దగ్గరికి కుండ బేరంగా వచ్చింది.

పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేసి, "అన్నా, ఒక కుండ గావాలె" అన్నాడు. హన్మకొండ నుంచి కాజీపేట పోయే రోడ్డు పక్కన నాది కుండీల దుకాణం. ఏడో తరగతిలో బడికీ నాకూ పొసగక విడిపోయాక పట్టుకున్న పని ఇది. పొద్దున్నే ఫోన్ చేసి కుండ అడిగేవాళ్ల ఇంట్లో పెళ్లన్నా ఉంటుంది, చావన్నా ఉంటుంది. నా నోటికి ఓపిక తక్కువ. "ఎవల పెండ్లి?" అన్నాను హుషారుగా.

"నాయిన పోయిండన్నా" అన్నాడు.

శవం ముందు కొడుకు నిప్పుకుండ పట్టుకుని నడవడం మా దగ్గర పద్ధతి. సేటు ముందు నిప్పు పట్టుకుని నడవడం! బతికినన్నాళ్లూ ఆయన ముందుకి వెలుగుతున్న బీడీతో వచ్చి, అదే బీడీతో తిరిగిపోయినవాడు లేడు. నేను మూడు కుండలు వేలితో కొట్టి చూసి, ఖంగుమన్నదాన్ని తీసుకెళ్లాను. బీట ఉన్నది ఇస్తే పాడె మీంచి లేచి వాపసు ఇచ్చే రకం ఆయన.

ఆయన పేరు దుకాణం బోర్డు మీద ఉండేది గానీ చదివినవాడు లేడు. వరంగల్ స్టేషన్ రోడ్డులో సేటు అంటే చాలు. కర్పూరం, అగరుబత్తులు, అగ్గిపెట్టెలు హోల్‌సేల్. దీపావళికి పటాకులు. అంటుకునేదేదైనా ఆ దుకాణంలో దొరికేది, అంటించడం ఒక్కటే కుదరదు.

సరుకు కోసం వచ్చినవాడు గడప తొక్కగానే సేటు ముక్కు ఎగబీల్చేవాడు.

"జేబుల ఏమున్నది?"

"ఏం లేదు సేటు."

"ఊదు."

"ఆఁ?"

"ఊదు అంటాన. నోరు దెరిచి ఊదు."

తాగి బండి నడిపేవాళ్లకు ఊదుడు పరీక్ష రాకముందే స్టేషన్ రోడ్డులో సేటు ఆ పరీక్ష పెట్టాడు. బీడీ వాసన వచ్చిందా, జేబులో ఉన్న కట్ట బయట గూట్లో పెట్టి లోపలికి రావాలి. కర్పూరం అసలుదో నకిలీదో వెలిగించి చూస్తానని ఎవడైనా అంటే, ఒక బిళ్ల చేతిలో పెట్టి రోడ్డుకు అవతల ఉన్న కరెంటు స్తంభం చూపించేవాడు. అక్కడికి పోయి వెలిగించుకోవాలి. వాడు అక్కణ్నుంచే "మంచిదే సేటూ!" అని అరిచేవాడు. బేరం రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా జరిగేది.

దీపావళి లక్ష్మీపూజ సంగతి చెప్తే నమ్మరు. వీధిలో ప్రతి షావుకారీ దీపాల వరసలు పెట్టుకుంటే, ఈయన అమ్మవారి ముందు కరెంటు బల్బు. ఒక ఏడు అయ్యగారు హారతి అనగానే సేటు జేబులోంచి టార్చిలైటు తీసి మూడుసార్లు గుండ్రంగా తిప్పాడు. అయ్యగారు గంట ఆపేశాడు.

"సేటూ, గిదేం హారతి?"

"అమ్మవారి మొకం కనవడుతాందా లేదా?"

"కనవడుతాంది."

"మరింకేంది. గంట గొట్టుండ్రి."

నవ్వినవాళ్లకు ఆయన దగ్గర ఒకటే మాట. "నేను సేటునని గా నిప్పుకు తెల్వదు తమ్మీ." నిప్పంటే భయం కాదు అది. పెద్ద ఆఫీసరు దగ్గర చిన్న గుమస్తా చూపించే మర్యాద. దుకాణం ఏనాడూ కాలలేదు. ఆ వీధిలో మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో కాలిన కథ ఉంది.

ఇక సేటు మనసు పడ్డ చిమినియా అనే మట్టిపొయ్యి నా దగ్గరికి ఎలా వచ్చిందంటే, లారీవాడి పొరపాటున. నేను చెప్పింది గులాబీ కుండీలు. దిగినవాటిలో రెండు వింత వస్తువులు ఉన్నాయి. కింద కుండ బొజ్జ, బొజ్జకు ముందువైపు నోరు, పైన పొడుగ్గా మెడ. మెడ పైన బొక్క. "చిమినియా అంటరట, తోటల పెట్టి మంట పెట్టుకుంటరట" అని లారీవాడు చెప్పి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. హుక్కా అన్నాడొకడు. చిలకల గూడు అంది ఒకామె. ఇంకొకాయన లోపల తల దూర్చి ఇరుక్కుపోయి, బయటికి వచ్చాక ఏమీ కొనకుండా పోయాడు.

అప్పటికి సేటు దుకాణం కొడుక్కి అప్పజెప్పి, కాశిబుగ్గలో ఇంటి వెనక జాగాలో గులాబీలు పెంచే పనిలో ఉన్నాడు. కుండీల కోసం నా దగ్గరికి వచ్చి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"గిదేంది?"

"చలి కాగే పొయ్యి సేటు. లోపల మంట, మెడలకెల్లి పొగ."

"నిప్పు బయటికి రాదా?"

"రాదు."

"వస్తే?"

"రాదంటాన గదా సేటు." నాకేం తెలుసు, నేనూ లారీవాడు చెప్పిందే చెప్తున్నాను.

ఆయన దాని బొజ్జ మీద అరచెయ్యి పెట్టాడు. చూడి బర్రెను తడిమినట్టు మెల్లగా తడిమాడు. "యాభై ఏండ్లు అగ్గి అమ్మిన తమ్మీ. ఒక్కనాడు దాని ముంగట కూసోలే" అన్నాడు. పుష్యమాసం చలిలో మూలమీద హమాలీలు గోనె పీలికలు కాల్చుకుని చలి కాగుతుంటే, ఆయన సగం దించిన షట్టరు వెనక చేతులు చంకల్లో పెట్టుకుని చూసేవాడట. పోయి కూర్చుంటే బట్టలకు నిప్పు వాసన పడుతుంది. ఆ బట్టలతో పటాకుల మధ్యకు రాకూడదు. ఆయన పెట్టిన కానూను, ఆయనకే పడింది. "ఇప్పుడు దుకాణం నాది గాదు. ఒక్క చలికాలమన్న నా చేత్తోని నేను మంట ముట్టిచ్చుకొని, దాని ముంగట కూసుంట."

అంతే ఆయన కోరిక. కాశీ అడగలేదు, కారు అడగలేదు.

కొడుకు మాత్రం ఒప్పుకోలేదు. ఆ పిలగాడు పుట్టినప్పటి నుంచి "అగ్గి జాగ్రత్త" అన్న మాట పాలతో పాటు తాగినవాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. "నాయినా, దీనితోని ఏదన్న ఒక్కటి అయిందంటే, తెల్లారి గేటు బయట ఉంటది. మల్ల నువ్వు అడగొద్దు."

"ఖరారే" అన్నాడు సేటు. ఆయన భార్య, సేటమ్మ, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ఇక చూడాలి. కుండ అమ్మింది నేను గనక నన్నూ కుండతో పాటే కొన్నాననుకున్నాడు. రోజూ సాయంత్రం హాజరు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదానికే నాలుగు రోజులు. రేకుల కింద వద్దు, జామచెట్టు కొమ్మ కింద వద్దు. ఇంటి గోడ నుంచి పది అంగలు కొలిచాడు. నా అంగలు పొడుగని మళ్లీ ఆయన అంగలతో కొలిచాడు. దారిలో సేటమ్మ బట్టలారేసే తీగె అడ్డం వచ్చింది. విప్పేశాడు.

"నా చీరెలు యాడ ఆరాలె? నీ నెత్తి మీదనా?" అంది ఆమె.

"దాబా మీద ఆరెయ్యే."

"మోకాళ్లు నీయా, నాయా?"

చివరికి చీరెలు ముందు వాకిట్లోకి మారాయి. కుండ కింద కడప బండ, బండ మీద ఇనుప స్టాండు. కదిపి చూశాడు, ఊగలేదు. కుండ లోపల అడుగున జానెడు ఇసుక పోయించాడు, మంట తిన్నగా మట్టికి తగలకుండా. పక్కన బకెట్‌తో ఇంకో ఇసుక. గోడకు అవతల నేతపనివాళ్ల ఇల్లు. వాళ్లు చిలపలుగా చుట్టిన నూలుకు రంగేసి దండేల మీద ఆరేస్తారు. మెడలోంచి ఒక్క రవ్వ ఎగిరి వాటి మీద పడితే వాళ్ల కష్టం బూడిద. అందుకని మెడ మీద జాలీ కావాలన్నాడు. నేను తెచ్చేలోపే, సేటమ్మ పిండి జల్లెడ అడుగు కోసి కట్టేశాడు. ఆమె వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం ఇంట్లో రొట్టెలూ లేవు.

కొత్త మట్టికి ఒకేసారి పెద్ద మంట పెడితే పగులుతుందట. రోజూ పిడికెడు పుల్లలతో చిన్న మంట, అది పూర్తిగా చల్లారాక మర్నాడు ఇంకొంచెం పెద్దది. అలా వారం రోజులు మచ్చిక చేయాలి. ఎవరు చెప్పారో గానీ ఆయన వేదంలా పట్టుకున్నాడు. ఆ మచ్చిక మంటలు ముట్టించే డ్యూటీ నాది. "నువ్వు అమ్మినవ్, నువ్వే ముట్టియ్యి. పెద్ద మంట నాది." నేను ముట్టిస్తుంటే ఆయన పది అంగల దూరంలో, కళ్లద్దాలు పెట్టుకుని, ఇసుక బకెట్ చేత్తో పట్టుకుని నిలబడేవాడు.

"కూసో సేటు, ఇంత మంటకు నీ మీసం గూడ కాలది."

"పని అయినంక కూసుంట. నీ కిరసనాయిలు సీసా యాడున్నది?"

"తేలే."

"తెస్తే నీ కాళ్లిరగ్గొడ్త."

ఒకరోజు నేను తెలివి చూపించబోయాను. ఎనుమాముల మార్కెట్‌లో ఎండు మిరప తొడిమలు సంచెడు ఊరికే దొరికితే, భలే అంటుకుంటాయని మోసుకెళ్లాను. సేటు సంచి మూతి విప్పి, ఒక్కసారి వాసన చూసి, పదిసార్లు తుమ్మాడు. కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "నన్నొక్కన్నే సంపుతానవా, కాశిబుగ్గనంత సంపుతానవా? జర ముందుగాల జెప్పు, ఊరోళ్లకు చాటింపు ఏపిస్త." ఎండిన వేప కట్టె తప్ప ఇంకేదీ కుండ నోట్లోకి పోలేదు. రంగేసిన చెక్క పనికిరాదు, పచ్చిది పనికిరాదు, ప్లాస్టిక్ అన్న మాటే ఎత్తకూడదు.

ఆరో రోజు దాకా అంతా సక్కగా నడిచింది. ఏడో రోజు నేను ఆఖరి మచ్చిక మంట పెట్టాను. అది చల్లారితే మర్నాడు సేటు పెద్ద మంట. కుండ బాగా వేడెక్కి ఉంది. సేటు గోడ పక్కకు పోయి, "అమ్మా, మీ నూలు లోపల వెట్టుకున్నరా?" అని అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడు కొడుకు దుకాణం నుంచి స్కూటర్ మీద దిగాడు. చేతిలో కొబ్బరికాయ.

పాపం, ప్రేమతోనే తెచ్చాడు. మనసు మార్చుకుని, నాయిన ముచ్చట తీరుతోంది గదా, కొత్త వస్తువుకు కాయ కొట్టాలి గదా అనుకున్నాడు. కొత్త ఆటోకు, కొత్త ఫ్రిజ్జుకు, చివరికి కొత్త ఇన్వర్టరుకు కూడా కొట్టాం మనం. నేను నోరు తెరిచేలోపే కాయ బండకేసి కొట్టి, "జై లక్ష్మీమాతా" అని ఆ నీళ్లు ధారగా కుండ బొజ్జ మీద పోశాడు.

ఠప్!

నోటి దగ్గర మొదలైన బీట మెడ దాకా పాకింది. ఆవిరి బుస్సుమంది. కొడుకు రెండు చిప్పలూ రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సేటు పరుగెత్తుకుంటూ వచ్చాడు. పరుగెత్తే వయసు కాదు ఆయనది. ముందు ఇసుక ఎత్తి కుండ నోట్లో పోశాడు, నిప్పు ఆరేదాకా పోశాడు. అది అయ్యాకే బీట చూశాడు. ఆ తర్వాత కొడుకు చేతులు చూశాడు.

"నీళ్లు వోసింది నువ్వేనా?"

"దేవునికి గదా నాయినా..."

"నేను సేటునని తెల్వనట్టే, అది దేవుని నీళ్లని గూడ నిప్పుకు తెల్వదు. ఏడి మట్టి మీద సల్లటి నీళ్లు వడితె పగుల్తది. గంతే."

"జర సిమెంటు రాస్తే సరిపోతది సేటు, నేను రాస్త" అన్నాను నేను.

"పగిలిన దాంట్ల నిప్పు వెట్టుమని జెప్పేటోడు నా దుకాణంల ఒక్క పూట ఉండకపోవు" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి కుండ గేటు బయట ఉంది. కొడుకు పెట్టలేదు. సేటే హమాలీని పిలిచి పెట్టించాడు. "ఒక్కటన్న అయితే గేటు బయట అనుకున్నం. అయింది. ఎవని చేతుల అయిందన్నది షరతుల లేదు" అన్నాడు. కొబ్బరి చిప్ప నాకు చేతికిచ్చి, "తిను, ప్రసాదం" అన్నాడు. ఆ ముక్క నమలడం నాకు మహా కష్టమైంది. ఎంత వేళాకోళం చేద్దామన్నా ఆయన మొహం సహకరించలేదు.

రెండు రోజులకు కొడుకే నా దుకాణం ముందు స్కూటర్ ఆపాడు. హెల్మెట్ తీయకుండా అడిగాడు. "అన్నా, గసొంటిదే ఇంకోటున్నదా?"

ఉంది. కానీ అందులో పిల్లి ఈనింది.

సేటు స్వయంగా వచ్చి వంగి చూశాడు. నాలుగు పిల్లలు, కళ్లు తెరవలేదు. తల్లి ఆయన మీదికి బుస్సుమంది. "గంపల వేసి ఆ మూలకు వెడ్త సేటు, పది నిమిషాల పని" అన్నాను.

"బాలింతను లేపుతవారా, సిగ్గులేదా?"

అప్పట్నుంచి రెండు రోజులకొకసారి ఆయన రావడం, కొడుకు స్కూటర్ వెనక సీటు మీంచే కేక వేయడం.

"ఖాళీ చేసిందా?"

"లేదు సేటు. కిరాయిదారు మొండిది."

"కండ్లు దెరిసినయా?"

"దెరిసినయి. నిన్ను అడుగుతానయి."

చలి పల్చబడింది. సంక్రాంతి పోయింది. ఎనుమాములకు కొత్త మిరప బస్తాల లారీలు బారులు తీరాయి. పిల్లి మాత్రం కదల్లేదు. చివరికి ఒకనాడు దానికే బుద్ధి పుట్టి, పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని పక్క బిర్యానీ హోటల్‌కు మారింది. కుండ కడిగి, ఎండబెట్టి, సేటు ఇంటికి చేర్చి, మళ్లీ వారం రోజుల మచ్చిక. ఈసారి ఆ వారమంతా కొడుకు ఇంటి వెనక వైపు అడుగు పెట్టలేదు. గడప ముందు, చల్లటి గడప మీద, కాయ కొట్టి దుకాణానికి పారిపోయాడు.

పెద్ద మంట రోజు వచ్చేసరికి కాశిబుగ్గలో ఇళ్లల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. చలికాలమని చెప్పుకోవడానికి సాయంత్రం పూట ఓ పిసరు గాలి మిగిలింది. అయినా సేటు స్వెట్టర్ వేసుకుని, మంకీక్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కుండ ముందు రెండు కుర్చీలు. వేప పుల్లలు పద్ధతిగా పేర్చాడు, కింద సన్నవి, పైన లావువి, గాలి ఆడేలా. పక్కింటి నూలు లోపలికి పోయింది. జాలీ ఉంది, ఇసుక ఉంది. జేబులోంచి కొత్త అగ్గిపెట్టె తీశాడు.

పుల్ల గీశాడు. విరిగింది.

ఇంకోటి గీశాడు. మందు రాలింది గానీ వెలగలేదు. మూడోది చేతిలోంచి జారిపోయింది. పుల్ల తోక చివర పట్టుకుని, పెట్టె మీద సంతకం పెడుతున్నట్టు మెల్లగా గీస్తున్నాడు. నాకు అప్పుడు వెలిగింది, పుల్ల వెలగలేదు గానీ. ఈ మనిషి జన్మలో అగ్గిపుల్ల గీయలేదు!

"సేటూ, బండ్లకు బండ్లు అమ్మినవ్ గదా..."

"అమ్ముడు వేరు, గీకుడు వేరు. నోరు ముయ్యి."

ఆరోది విరిగింది. ఏడోది విరిగింది. కాళ్ల దగ్గర పుల్లలు పడుతున్నాయి. నుదుటి మీద చెమట కళ్లల్లోకి కారుతోంది, అయినా క్యాప్ తీయడం లేదు. నేను చెయ్యి చాచాను. తల అడ్డంగా ఊపాడు. నాకు మొదటిసారి భయం వేసింది, మంట గురించి కాదు. ఈయన పెట్టె నా చేతిలో పెట్టి లేచి లోపలికి పోతాడేమోనని.

వంటింట్లోంచి సేటమ్మ వచ్చింది. తడి చేతులు తుడుచుకుని, కొంగు నడుముకు బిగించి దోపుకుని, పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన చేతిలోకి చూసింది.

"గట్ల గాదు. తలకాయకు దగ్గరగ వట్టుకో."

ఆయన పట్టుకున్నాడు.

"నీ దిక్కు గాదు, అవతలి దిక్కు గీకు. గట్టిగ. అది పాము గాదు."

గీశాడు. అంటుకుంది. సేటు ఆ మంటను కళ్లద్దాల్లోంచి చూస్తూ ఉండిపోయాడు. అది పుల్ల పొడుగునా నడిచి వేలి దగ్గరికి వస్తోంది.

"వెట్టు, వెట్టు! ఏలు కాల్తది."

పెట్టాడు. సన్న పుల్లలు అందుకున్నాయి, ఆ తర్వాత లావువి. మెడలోంచి పొగ నిటారుగా లేచింది. బొజ్జలో ఎర్రగా వెలుగు. సేటు రెండు అరచేతులూ ముందుకు చాచాడు. షట్టరు వెనక చంకల్లో దాచుకున్న చేతులు అవి.

"ఎట్లున్నది?" అంది సేటమ్మ.

"మస్తున్నది."

"యాభై ఏండ్ల సంది పొద్దుమాపు నేను దీని ముంగటనే కూసుంటాన. మొదాలు కట్టెల పొయ్యి, మల్ల పంపు స్టవ్వు, గిప్పుడు గ్యాసు. నీకు ఇయ్యాల పండుగయింది."

సేటు ఆమె వైపు తిరిగాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. మంకీక్యాప్ తీశాడు, స్వెట్టర్ తీశాడు.

"రోజు గింత ఏడేనా?"

"ఎండకాలం ఇంకింత."

"ఎన్నడు జెప్పలే."

"నువ్వు ఎన్నడు లోపలికి రాలే."

సేటు లేచాడు. ఆమె కుర్చీని, ఆమె కూర్చుని ఉండగానే, రెండు చేతులతో పట్టుకుని మంట నుంచి రెండు అడుగులు వెనక్కి గుంజాడు. మోకాళ్లు పట్టేసి ఒకసారి ఆగి, మళ్లీ గుంజాడు. ఆ తర్వాత తన కుర్చీ తెచ్చి ఆమెకూ మంటకూ మధ్య వేసుకున్నాడు.

"ఏంది గిది? నాకు మంట కనవడద్దా?" అంది ఆమె.

"ఇయ్యాలటికి నేను జూస్త. నువ్వు జర గాలికి కూసో."

మంట పూర్తిగా ఆరి, బూడిద చల్లబడేదాకా ఆయన అక్కణ్నుంచి లేవలేదు. పప్పు చూసొస్తానని ఆమె రెండుసార్లు లేవబోతే, లేవనివ్వలేదు.